ఐదో కప్పు తీపి

ఇప్పుడు పొద్దున్నే లేచి నేను పరుగెత్తాల్సిన డ్యూటీ ఏదీ లేదు. చక్కెర వేయని టీ గ్లాసు పట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకుంటాను. ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా చేసి, అందులో సగం కాలం షుగర్ రోగుల గదిలోనే గడిపిన మనిషిని కదా, నా టీ చూసి ఇరుగుపొరుగు వాళ్లు మెచ్చుకుంటారు. సిస్టరమ్మకు ఎంత నిగ్రహమో అంటారు. ఒకప్పుడు ఆ మాటకు లోలోపల మురిసిపోయేదాన్ని. ఇప్పుడు నవ్వి ఊరుకుంటాను. ఆ నవ్వు వెనక ఒక సంగతి ఉంది. ఈ మధ్యనే యూనిఫాం వేసుకుని వార్డుల్లో అడుగుపెట్టిన మీలాంటి పిల్లలకు అది చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మనుషుల పేర్లు మాత్రం అడగకండి. కొందరు ఇంకా అదే బస్టాండులో నాకు ఎదురుపడతారు.

మాది పెద్దపల్లి దగ్గర ఒక పల్లె. మా వైపు నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. బాపు వేరేవాళ్ల పొలాల్లో నాట్లకు, కోతలకు పోయేవాడు. ఆదివారం మిషన్ చర్చిలో గంట కొట్టేది ఆయనే. క్రిస్మస్ ముందు అవ్వ అరిసెలు వండితే ఇల్లంతా బెల్లం పాకం వాసన కమ్ముకునేది. నా వంతు అరిసె నేను ఒక పక్క కొరికి తమ్ముడికి ఇచ్చేసేదాన్ని. వాడు అది తిని, మళ్లీ డబ్బా మూత తీసి దొరికిపోయి, దెబ్బలు తినేవాడు. నా బిడ్డకు ఆశ లేదు, అది దేవుడిచ్చిన గుణం అని అవ్వ చుట్టాలందరికీ చెప్పుకునేది. పాస్టరుగారు ఒకసారి ప్రసంగంలో నా గురించి చెప్పారు. తొమ్మిదేళ్ల పిల్లకు అంతకన్నా ఏం కావాలి? తీపి వద్దనడం నా మంచితనమని ఆ రోజే నమ్మేశాను. నర్సునయ్యాక కూడా ఆ నమ్మకంతోనే డ్యూటీకి పోయాను.

గోదావరి ఒడ్డున ఉన్న ఒక బొగ్గు పట్టణం ఆసుపత్రిలో నా ఉద్యోగం. అక్కడ ఆకాశం ఎప్పుడూ కాస్త బూడిద రంగులో ఉండేది. షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్‌ను బట్టి ఇళ్లలో అన్నం వండుకునేవాళ్లు. గని కార్మికుల కాలనీకి నాలుగు దిక్కులా మిఠాయి దుకాణాలు. గనిలోంచి పైకి వచ్చినవాళ్లు ముఖం కడుక్కుని మొదట పోయేది అక్కడికే. ఆ దుకాణాలకూ, నా గది ముందు వరుసకూ ఉన్న సంబంధం నాకు అప్పుడు తట్టలేదు. వరుసలో ఉన్నవాళ్లందరూ చెప్పిన మాట వినని మనుషులనే అనుకునేదాన్ని.

ఆ వరుసలో నెలనెలా ఒకావిడ వచ్చేది. నాకన్నా నాలుగైదేళ్లు చిన్నది. భర్త భూగర్భ గనిలో పని చేసేవాడు. క్వార్టర్లలో చివరి వరుసలో ఇల్లు. ఎప్పుడు పరీక్ష చేసినా ఆమెకు షుగర్ ఎక్కువే ఉండేది. మందులు వేసుకుంటున్నావా అంటే వేసుకుంటున్నానని చెప్పేది, అది నిజమే. తీపి తింటున్నావా అంటే తల వంచుకునేది, అదీ నిజమే. ఒకసారి ఏదో మాటల్లో తనకొక కవల చెల్లె ఉందనీ, ఆదిలాబాదు వైపు బోథ్ దగ్గర పెరిగిందనీ చెప్పింది. నేను అది విన్నట్టే తలూపి, కార్డు మీద తరవాతి తేదీ వేశాను.

ఒక సోమవారం ఆమె సంచికి నూనె మరక కనిపించింది. అడగకుండానే సంచిలో చెయ్యి పెట్టి కాగితం పొట్లం బయటికి తీశాను. జిలేబీలు. వరుసలో ఉన్నవాళ్లందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకున్నాను. "చూడుండ్రి, గీమె షుగరు మందుల కోసం అచ్చిందట" అన్నాను. వరుస మొత్తం నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. ఆమె నా చేతిలోంచి పొట్లం తీసుకుని, విడిపోయిన మూతిని మెల్లగా మడిచి, సంచిలో పెట్టుకుంది. మందులు తీసుకోకుండానే వెళ్లిపోయింది. నేను ఆమె కార్డు మీద ఎర్ర సిరాతో 'చెప్పింది వినదు' అని రాశాను. పై నెల ఆమె రాలేదు. ఆ పై నెలా రాలేదు. దాచుకోకుండా చెప్తున్నాను, ఒక మొండి రోగి తగ్గిందని నాకు హాయిగానే అనిపించింది.

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లున్నాయనగా, పట్నం నుంచి ఒక డాక్టరమ్మ మా ఆసుపత్రికి వచ్చింది. వయసులో నా కూతురంత ఉంటుంది. మనుషులకు తీపి మీద ఉండే ఇష్టంలో పుట్టుకతో వచ్చేదెంత, పెరిగిన తీరును బట్టి వచ్చేదెంత అని వాళ్ల బృందం పరిశోధన చేస్తోంది. కరీంనగర్, ఆదిలాబాదు వైపు ఇళ్లకు తిరగడానికి ఈ ప్రాంతం తెలిసిన నర్సు కావాలంది. నన్ను పంపారు. మేము ముగ్గురం: ఆమె, నేను, ఆదిలాబాదు వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవర్.

పని చూడటానికి పిల్లల ఆటలా ఉండేది. ఐదు చిన్న కాగితం కప్పులు. మొదటి దాంట్లో చక్కెర ఉందా లేదా అన్నంత పలచటి నీళ్లు, ఐదో దాంట్లో పాకంలాంటి నీళ్లు. ఒక్కో గుక్క నోట్లో తిప్పి ఉమ్మేసి, మంచినీళ్లతో పుక్కిలించి, మళ్లీ ఇంకో కప్పు. అన్నీ అయ్యాక ఏది బాగుందో చెప్పాలి. ఆ తరవాత ఒక గొట్టంలో కాస్త లాలాజలం తీసుకుని, మీద పేరు బదులు నంబరు రాయాలి. అంతే.

మొదటి రోజు డాక్టరమ్మ నాకూ, డ్రైవర్‌కూ కప్పులిచ్చింది. నాకు రెండోది బాగుంది. నాలుగోది గొంతు పట్టుకుంది. ఐదోది నోట్లో పెట్టుకోగానే ఉమ్మేశాను. డ్రైవర్ ఐదోది తాగి, ఇది కదా నీళ్లంటే అన్నాడు. నేను అతనికి ఉపదేశం మొదలుపెట్టబోతుంటే డాక్టరమ్మ ఆపింది.

"అతనికి ఐదోది ఎలా ఉందో మీకు రెండోది అలా ఉంది సిస్టర్. మీరేమీ వదులుకోవడం లేదు" అంది.

ఆ మాట నాకు నచ్చలేదు. దారి పొడవునా మనసులో ఆమెతో వాదించాను. ఆశ అనేది రక్తంలోనే ఉంటే ఇక మంచీ చెడూ చెప్పే నర్సు ఎందుకు? అవ్వ మెచ్చుకున్న గుణం, పాస్టరుగారు చెప్పిన గుణం, అంతా ఉత్త నాలుక సంగతేనా? ఒక్క గుక్క నీళ్లకు యాభై ఏళ్ల గొప్ప కొట్టుకుపోతుంటే ఎవరికైనా కోపం వస్తుంది.

ఆ ఏడాది ఎలా గడిచిందో ఇప్పుడు తలచుకుంటే నీళ్లలోంచి చూసినట్టు ఉంటుంది. పెద్దపల్లి వరిచేల మధ్య బండి పోతుంటే రెండు వైపులా పచ్చదనం ఊగుతూనే ఉండేది, మేమే నిలబడిపోయినట్టు. నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేసే ఒక ఇంట్లో, అప్పుడే రంగు వేసిన చిలుకలు, మామిడిపండ్లు ఎండలో ఆరుతుండగా, నానమ్మా మనవరాలూ ఎదురెదురుగా కూర్చుని ఒకే కప్పు వైపు వేలు చూపించారు. పక్క ఇంట్లో తల్లి మొదటి కప్పు అంది, కొడుకు ఐదో కప్పు అన్నాడు. కాబట్టి ఒక ఇంటిని చూసి ఏమీ తేల్చకూడదని డాక్టరమ్మ అంటూ ఉండేది. కవలలు దొరికితే మాత్రం ఆమె ముఖం వెలిగేది. అందులోనూ అచ్చు ఒకేలా ఉండి, వేరువేరు ఇళ్లలో పెరిగిన కవలలు. అలాంటివాళ్లు దొరకడం చాలా అరుదు సిస్టర్, అలాంటి వాళ్లెవరైనా తెలుసా అని ఒక మధ్యాహ్నం అడిగింది.

నాకు వెంటనే ఆ కాగితం పొట్లం గుర్తొచ్చింది. తెలియదన్నాను. మూడు రోజులు ఆ అబద్ధాన్ని మోశాను. నాలుగో రోజు చెప్పాను. పొట్లం సంగతి తప్ప మిగతాదంతా చెప్పాను.

చివరి వరుస క్వార్టర్‌కు నేనొక్కదాన్నే వెళ్లాను. ఆమె తలుపు తీసి, నన్ను చూసి, లోపలికి పోయి కుర్చీ తెచ్చి వేసింది. తాను గడప దగ్గర నిలబడింది. సన్నబడింది. నేను వచ్చిన పని చెప్పాను. మా డ్రైవర్ బోథ్ వైపు ఆరా తీసి నంబరు సంపాదిస్తే ఆమె చెల్లెతో ఫోనులో మాట్లాడామనీ, ఆమె ఒప్పుకుందనీ, కాకపోతే తానెక్కడికీ రాననీ, తన ఇంటికే రావాలందనీ చెప్పాను. నిజానికి ఆ అక్కాచెల్లెళ్లకు కొన్నేళ్లుగా మాటల్లేవు. వాళ్లను కన్న అవ్వ పోయినప్పుడు చెల్లెకు కబురు ఆలస్యంగా అందింది. ఆమె వచ్చేసరికి అంతా అయిపోయింది. అక్క వేరేవాళ్లతో చెప్పి పంపింది, ఆ వేరేవాళ్లు సమయానికి చెప్పలేదు. ఎవరి తప్పు అని తేల్చుకునే లోపల ఏళ్లు గడిచిపోయాయి. ఇదంతా నాకు తరవాత తెలిసింది.

"నన్ను రమ్మన్నదా?" అని మాత్రం అడిగింది ఆమె ఆ రోజు.

రమ్మన్నదని చెప్పాను. ఆమె అడిగింది మా పరీక్షకు రమ్మన్నదా అని కాదని నాకు అప్పుడు అర్థం కాలేదు. "గట్లయితే అస్త" అంది.

ఎండాకాలం మొదట్లో ఒక తెల్లవారుజామున బయలుదేరాం. టేకు చెట్లు ఆకు రాల్చి, అడవి మొత్తం పలచబడి, అవతలి కొండల దాకా కనిపిస్తోంది. ఇప్ప చెట్ల కింద రాత్రి రాలిన పువ్వు తెల్లగా పరుచుకుని ఉంది. ఆడవాళ్లు వంగి బుట్టల్లోకి ఏరుకుంటున్నారు. వాళ్ల మాటలు మాకు వినిపించవు, వంగడం, లేవడం మాత్రమే కనిపిస్తుంది. బండిలోకి ఆ తియ్యటి, మత్తు వాసన వచ్చింది. డ్రైవర్ ఎవరూ చెప్పకుండానే వేగం తగ్గించాడు. అక్క కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. ఆ ముఖంలో నా గదిలో ఎన్నడూ చూడని నెమ్మది కనిపించింది. ఆ వాసనలో అందరం ఎటో తేలిపోతున్నట్టు, బోథ్ రాకపోయినా ఫరవాలేదన్నట్టు అనిపించింది నాకు.

ఒక్క సంగతి మాత్రం చూశాను. బండి ఎక్కేటప్పుడు ఆమె కుంటింది. కుడి పాదానికి గుడ్డ చుట్టుకుని, దాని మీద భర్త పాత మేజోడు తొడుక్కుంది. ఏమైందని అడిగితే చెప్పు కరిచిందంది. షుగర్ ఉన్న మనిషి కాలు కుంటుతుంటే విప్పి చూడాలని మొదటి ఏడాది నర్సు పిల్లకు కూడా తెలుసు. నాకు ముప్పై ఏళ్ల సర్వీసు. అయినా ఆమె పాదం దగ్గర వంగడానికి ఆ రోజు నాకు ముఖం చెల్లలేదు. అడిగాను కదా, చెప్పింది కదా అని ఊరుకున్నాను. జిలేబీల కన్నా పెద్ద తప్పు ఇది.

చెల్లె ఇల్లు ఊరి చివర పెంకుటిల్లు. ముందు పత్తికట్టె కుప్ప, పక్కన జొన్న బస్తాలు. ఆమె గోచి పెట్టి కట్టిన చీరలో తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎండకు నల్లబడి, బక్కగా, చేతులు గట్టిపడి ఉన్నాయి కానీ, ముఖం అచ్చం అదే. డాక్టరమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఆమెను పిల్లలు లేని చిన్నమ్మకు ఇచ్చేశారట. ఆ పెంచినావిడ కూడా ఇప్పుడు లేదు.

"అచ్చినవా" అంది చెల్లె.

"అచ్చిన" అంది అక్క.

అంతే. చెల్లె మాటలో మరాఠీ యాస, అక్క మాటలో కాలనీ యాస. కళ్లు మూసుకుని వింటే మాత్రం ఒకే మనిషి తనతో తాను మాట్లాడుకుంటున్నట్టు ఉంది.

ఒకరిది ఒకరు చూడకూడదు కాబట్టి అక్కను నేను లోపలి గదిలోకి తీసుకుపోయాను. చెల్లెను డాక్టరమ్మ అరుగు మీద కూర్చోబెట్టింది. నాలుగు కప్పుల దాకా అక్క చెప్పినట్టే ఉమ్మేసింది. ఐదోది ఉమ్మలేదు. మింగేసింది. నేను ఏదో అనేలోపే ఆ కప్పును తలకిందులు చేసి, అడుగున చూపుడు వేలితో రెండుసార్లు తట్టి, అంచున జారిన బొట్టును నాలుకతో అందుకుంది. తరవాత నా వైపు చూసి, భయపడి, కప్పు కింద పెట్టేసింది.

కాగితం మీద ఐదు అని రాసి బయటికి వచ్చాను. అరుగు మీద డాక్టరమ్మ కలం పట్టుకుని రాయకుండా కూర్చుని ఉంది. ఆమె ముందు చెల్లె ఐదో కప్పును తలకిందులు చేసి, అడుగున చూపుడు వేలితో తడుతోంది.

గొట్టాలు తీసుకోవడం కూడా అయ్యాక ఇద్దరినీ గదిలో ఒకచోట కూర్చోబెట్టి, ఎవరు ఏం చేశారో చెప్పాను. ముందు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తరవాత చెల్లె పెదవి మూల కదిలింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తరవాత ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఎన్నేళ్ల నవ్వో, ఎంతకూ ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ చెల్లె అక్క మోకాలి మీద చెయ్యి వేసింది. వేసి, కిందికి చూసింది. మేజోడు తడిసి ఉంది. కింద పేడతో అలికిన నేల మీద పాదమంత మరక.

చెల్లె ఎవరినీ అడగలేదు. నేల మీద కూర్చుని మేజోడు లాగి, గుడ్డ విప్పింది. గదిలోకి వచ్చిన వాసన నాకు బాగా తెలిసినదే. రెండు వేళ్లు నల్లబడి ఉన్నాయి.

"గిది ఎన్ని దినాలసంది?" అంది.

ఇరవై దినాలు కావచ్చని అక్క చెప్పింది.

"దవాఖాన మీ ఇంటి పక్కకే ఉన్నది. ఎందుకు వోలే?"

అక్క గోడ వైపు తిరిగింది. నా వైపు మాత్రం చూడలేదు. "పోతే మంది ముంగట తిడ్తరు. కాలు నొస్తే ఓర్చుకుంట గని, గది ఓర్చుకోలేను" అంది.

"ఎవలు తిడ్తరు?"

"నేనే" అన్నాను.

చెల్లె తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది, నాకు తేలికయ్యేది. ఆమె మామూలుగానే చూసి, పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. "గిప్పుడు జర కాలు చూడు సిస్టరమ్మా. కడమది తర్వాత" అంది.

మోకాళ్ల మీద కూర్చుని ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. ఉన్న సరంజామాతో శుభ్రం చేసి కట్టు కట్టాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, కళ్లకే ఏమీ కనిపించడం లేదు. చెల్లె ఇంటికి తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, ఉన్న చీరతోనే బండెక్కింది. ఆదిలాబాదు పెద్దాసుపత్రికి బయలుదేరాం.

దారిలో అక్క తల చెల్లె భుజం మీద ఉంది. చెల్లె తన సంగతి చెప్పుకుంటూ పోయింది. చిన్నప్పుడు చిన్నమ్మ గుప్పెడు ఎండిన ఇప్పపువ్వు ఇస్తే కొంగున కట్టుకుని రోజంతా ఒక్కొక్కటే తినేదట. ఇప్పటికీ తీపి కలలోకి వస్తుందట. నీకు షుగర్ లేదు కదా, ఎలా అదుపులో ఉంచుకున్నావని డాక్టరమ్మ అడిగింది.

"అదుపు లేదు, ఏం లేదు మేడం. మా ఇంట్ల చక్కెర డబ్బనే లేకుండె. దుకాణం జూస్తే అంత దూరం. డబ్బ ఉంటే నేను ఊకుందునా?"

ముప్పై ఏళ్లు నేను చదివిన చదువు, చెప్పిన పాఠం ఆ రెండు ముక్కల ముందు తేలిపోయింది. ఇద్దరికీ ఒకే ఆశ. ఒకరి వాకిట్లో నాలుగు మిఠాయి దుకాణాలు, ఇంకొకరి వాకిట్లో జొన్నచేను. కార్డు మీద ఎర్ర సిరాతో నేను రాసిన మాటకు ఇందులో ఎక్కడా చోటు లేదు.

ఆ రోజు ఇంకో తప్పు కూడా చేశాను. ఆ సాయంత్రం గొట్టాలు సర్దుతుంటే అక్క నంబరు చెల్లె గొట్టం మీద, చెల్లె నంబరు అక్క గొట్టం మీద రాసినట్టు బయటపడింది. ఏడుపు గొంతుతో డాక్టరమ్మకు చెప్పాను. ఆమె ముందు గాబరాపడింది, తరవాత ఆగకుండా నవ్వింది. ఈ రెండు జిల్లాల్లో ఎవరి గొట్టాలు మార్చినా కొంప మునిగేది, మార్చినా ఫరవాలేని ఇద్దరివే మార్చారు సిస్టర్ అంది. అయినా వదల్లేదు. యంత్రానికి తేడా తెలియకపోవచ్చు, పుస్తకానికి తెలియాలి అని, నా తప్పును నా చేతనే పుస్తకంలో రాయించి, ఇద్దరి దగ్గరా మళ్లీ లాలాజలం తీయించింది.

అక్కకు రెండు వేళ్లు పోయాయి. పాదం దక్కింది. ఇంకో వారం ఆగితే మోకాలి దాకా పోయేదని అక్కడి డాక్టరు చెప్పాడు. చెల్లె రెండు నెలలు అక్క ఇంట్లోనే ఉండిపోయింది. వచ్చిన మొదటి రోజే చక్కెర డబ్బా, బెల్లం డబ్బా బయటికి పంపేసింది. జీతం రోజు మిఠాయి తేవడమే ప్రేమ అనుకునే ఆ భర్తకు, ఇక నుంచి పువ్వులు తెమ్మని చెప్పింది. ఆయన బంతిపూలు తెచ్చేవాడు. షుగర్ ఒక్కరోజులో దిగలేదు, కానీ దిగింది. పండుగనాడు అక్క ఒక ముక్క తినేది, తిన్నానని నాకు చెప్పేది. నేను కార్డు మీద రాసేదాన్ని, నీలి సిరాతో.

కట్టు విప్పాక అక్క మొదటిసారి నా గదికి చెల్లె చెయ్యి పట్టుకుని వచ్చింది. వరుస చివర నిలబడింది. నేను లేచి వరుస ముందుకు వచ్చాను. ఆ జిలేబీల సోమవారం ఉన్నవాళ్లలో సగం మంది ఈ రోజూ ఉన్నారు. ఈమెను మీ అందరి ముందు అవమానం చేశాననీ, అది నా తప్పనీ, దానివల్ల ఆమె కాలి వేళ్లు పోయాయనీ గట్టిగా చెప్పాను. వెనక నుంచి ఒక ముసలి గని కార్మికుడు నన్ను గూడ తిట్టినవ్ కదమ్మా అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఆయనకూ క్షమాపణ చెప్పాను. ఇంకా ఇద్దరు ముగ్గురు చేతులెత్తారు, వాళ్లకూ చెప్పాను. ఆ రోజు ఓపీ గంట ఆలస్యమైంది. అక్క మాత్రం తన వంతు వచ్చాక వచ్చి కూర్చుని, కాలు ముందుకు చాపింది.

ఇది చదివి, రోగులకు పథ్యం చెప్పొద్దంటున్నానని అనుకోకండి. చెప్పండి. గట్టిగానే చెప్పండి. కాకపోతే మీ నాలుకతో వాళ్ల నాలుకను కొలవకండి. మీకు తేలికైనది మీ గొప్ప కాదు. నాకు ఈ ముక్క తెలియడానికి ఒక మనిషి రెండు వేళ్లు ఇచ్చుకోవాల్సి వచ్చింది.

కొన్ని వారాలకు డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. చెల్లె కూడా బోథ్ నుంచి అక్క ఇంటికి వచ్చి ఉంది. క్వార్టర్ ముందు చాప మీద కూర్చున్నాం. వానలు మొదలై, గాలిలో బొగ్గు వాసన అణిగి, మట్టి వాసన పైకి లేచింది. తీపి సంగతిలో ఒక్క కుటుంబాన్ని చూసి ఖాయంగా ఏదీ చెప్పలేమనీ, అందరి లెక్కలూ కలిపితేనే తెలుస్తుందనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. ఒక్కటి మాత్రం ఖాయం అంది.

"మీరిద్దరూ ఒకే పిండం నుంచి విడిపోయినవాళ్లు. మీ అమ్మానాన్నల నుంచి పుట్టుకతో ఒకరికి ఏది వచ్చిందో ఇంకొకరికీ అదే వచ్చింది. తేడా లేదు."

అక్క వెంటనే అందుకుంది. అవ్వ కూడా అంతేనంది. బెల్లం కట్టి తెచ్చిన కాగితాన్ని కూడా వదిలేది కాదట, గోటితో గీకి తినేదట. చెల్లె అవ్వ ముఖం చూసిందే చాలా తక్కువ. కన్న తల్లి తనను ఎందుకు ఇచ్చేసిందని ఆసుపత్రిలో ఒక రాత్రంతా అక్కను అడిగిందట. తనకు తెలియదనీ, అడిగితే అవ్వ ఏడ్చేదనీ అక్క చెప్పిందట. ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఫరవాలేదో చూసి, ఆ పిల్లనే ఇచ్చి ఉంటుందని చెల్లె ఇన్నేళ్లూ అనుకుంది.

ఇప్పుడామె వానచుక్కలు పడుతున్న వాకిలి వైపు చూస్తూ అడిగింది.

"అవ్వ నుంచి అచ్చింది గూడ అంతేనా మేడం? ఇద్దరికి సమంగనేనా?"

"సమంగానే" అంది డాక్టరమ్మ.

చెల్లె తల ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "అవ్వ నాకు తక్కువ జేయలే" అంది, ఎవరితోనూ కాదు. తరవాత డాక్టరమ్మ వైపు తిరిగి, ఆ ముక్క ఇంకొకసారి చెప్పమంది.

డాక్టరమ్మ మెల్లగా, మొదటి నుంచీ చెప్పింది.